పడమర గుచ్చిన సూది

వెతకడానికి పంపిన విమానం స్కాట్లాండ్ నుంచి లేచి రెండు గంటలైంది. హెర్బర్ట్ కేవుడ్ ఫోను పెట్టేసి, గోడ మీది పటం వైపు తిరిగాడు.

"ఇవాళ్టితో సరి," అన్నాడు. "దొరక్కపోతే రేపు విమానం పంపరట. వాతావరణం బాగోలేదంటున్నాడు విమానాల ఆఫీసరు."

"వెలుతురు ఎంతవరకు ఉంటుందట?" అంది ఎనిడ్.

"మూడింటికల్లా చీకటి. పన్నెండున్నరకి విమానం ఐస్‌లాండ్ దగ్గరికి చేరుతుంది. అక్కణ్ణుంచి పడమటి వైపుకి మళ్ళుతుంది. మళ్ళాక ఇంక తిరగడానికి ఇంధనం ఉండదు. మన దగ్గర కొత్త కబురేమైనా ఉంటే ఆలోపే చెప్పాలట."

ఇద్దరూ గడియారం చూశారు. పదకొండూ అయిదు.

ఎనిడ్ బ్లెన్‌కిన్‌కి యాభై రెండేళ్ళు. మూడు రోజులుగా ఆమె ఇంటికి వెళ్ళింది బట్టలు మార్చుకోవడానికే. కాళ్ళు వాచి బూట్లు బిగిసిపోయాయి. టీ తాగకపోతే కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆమె బల్లకెదురుగా గోడంతా ఉత్తర సముద్రాల పటం. దాని మీద ఓస్‌గర్బీ కంపెనీ చేపల ఓడలు పదకొండింటికీ పదకొండు గుండుసూదులు. పది సూదులు రోజూ కదులుతూనే ఉన్నాయి. పదకొండోది, ఎర్రతల సూది, సోమవారం సాయంత్రం నుంచి ఐస్‌లాండ్ పడమటి కొమ్ము దగ్గర గుచ్చినచోటే ఉండిపోయింది. అది లేడీ రోవెనా. అందులో కెప్టెన్ స్టాథర్స్‌తో కలిపి ఇరవై మంది.

ఈ రోజు గురువారం.

కేవుడ్ ఒకప్పుడు తనూ ఓడ నడిపినవాడే. ఇప్పుడు కంపెనీకి ఓడల మొగుడు. హల్ రేవులో ఆ ఉద్యోగాన్ని అలాగే అంటారు. ఓడకి బొగ్గు దగ్గర్నుంచి వంటవాడి దాకా అన్నీ సమకూర్చేదీ అతనే, ఓడ ఆలస్యమైతే తిట్లు తినేదీ అతనే. "పదకొండు మంది పెళ్ళాలు, ఒక్కతీ చెప్పిన మాట వినదు," అనేది అతని పాత హాస్యం. మూడు రోజులుగా ఆ మాట అతని నోట రాలేదు.

కింద మెట్ల మీద రోవెనా వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళున్నారు. ఓడలవాళ్ళుండే హెజిల్ రోడ్ నుంచి పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. తలకి రుమాళ్ళు, ఒళ్ళో చేతిసంచులు. కొందరు వంతులవారీగా వీధి మలుపులో ఉన్న మీగడరంగు ఫోను డబ్బా దగ్గరికి వెళ్ళి, ఇళ్ళలో ఉన్న అత్తలకి కబురు చెప్పి వస్తున్నారు. కబురేమీ లేదన్నదే ఆ కబురు. బయట గడ్డకట్టిన చలి. రేవు అంచున నీళ్ళ మీద కూడా మంచు పలక కట్టింది. చేపలు పొగపెట్టే కొట్ల వాసన మాత్రం చలికీ తగ్గలేదు.

"పేపరు విలేకరి ఒకడు గేటు దగ్గర నిలబడ్డాడు," అంది ఎనిడ్.

"నిలబడనీ. మూడొందల ఏళ్ళ కింద రాజే వచ్చి గేటు కొడితే తియ్యని ఊరిది. పేపరు వాడికి నేను తీస్తానా?" అన్నాడు కేవుడ్. నవ్వలేదు.

అతను బల్ల మీది కాగితం ఒకటి తీసి ఆమె ముందుకి విసిరాడు. "ఇదిగో, ఇది చూడు. పొద్దున గ్రిమ్స్‌బీ ఓడవాడొకడు రేడియోలో చెప్పాడట. మొన్న శనివారం రోవెనా దీపాలు చూశాడట. ఎక్కడో తెలుసా? తూర్పు వైపు."

ఎనిడ్ చదివింది. "చూసే ఉంటాడేమో."

"గ్రిమ్స్‌బీ వాడు నిజం చెప్పడం నువ్వెప్పుడైనా విన్నావా? పడమర చేప పడుతోంది కాబట్టి మనవాళ్ళని తూర్పుకి తోలాలని చూస్తున్నాడు. మనిషి ప్రాణం మీదికొచ్చినా వాడి బుద్ధి పోదు." కేవుడ్ కాగితాన్ని ఉండచుట్టి బుట్టలో వేశాడు. "ఆ స్టాథర్స్ మాత్రం తక్కువ తిన్నాడా? సోమవారం పడమర ఉన్న మన రెండు ఓడలూ వర్షం, నైరుతి గాలి అని చెప్పాయి. వీడొక్కడే ఉత్తర గాలి, హిమపాతం, ఓడ మీద మంచు పేరుకుంటోంది అన్నాడని నువ్వే చెప్పావు. వాతావరణంలో కూడా అబద్ధమే. పక్కవాడు భయపడి రాకుండా."

స్టాథర్స్ అబద్ధాల గురించి ఎనిడ్‌కి తెలిసినంత ఈ రేవులో ఎవరికీ తెలియదు.

చేప ఎక్కడ పడుతోందో పక్కవాడికి చెప్పే కెప్టెన్ హల్‌లో పుట్టలేదు. ఏడాదికోసారి అందరికంటే ఎక్కువ చేప తెచ్చిన ఓడకి వెండి చేప బహుమతి. ఆ బహుమతి సంగతి అలా ఉంచినా, వల వేసే చోటంటే తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆస్తి. అందుకే ఆఫీసుకి తంతి కొట్టేటప్పుడు సంకేతాల్లో కొడతారు. ఆ సంకేతాల పుస్తకం రెండే చోట్ల ఉంటుంది. ఒకటి ఓడలో, ఒకటి ఎనిడ్ సొరుగులో. స్కాట్లాండ్‌లో రేడియో స్టేషన్ వాళ్ళు అక్షరాలు అందుకుని పంపిస్తారు గాని, వాళ్ళకి అర్థం తెలియదు. ఎనిడ్ విడదీసి, పటం మీద సూది గుచ్చుతుంది. కేవుడ్ పటాన్ని చూస్తాడు తప్ప కాగితాన్ని చూడడు.

కొందరు కెప్టెన్లకి ఆఫీసు మీద కూడా నమ్మకం ఉండదు. వాల్టర్ స్టాథర్స్ వాళ్ళలో మొదటివాడు. సంకేతంలోనూ అబద్ధమే కొడతాడు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఎనిడ్ అతను చెప్పినట్టే సూది గుచ్చింది. రెండుసార్లు ఓడ అనుకున్న రోజుకి రెండు రోజుల ముందే వచ్చేసింది. చేపలు దించే కూలీలు లేరు, సంతలో చోటు లేదు. కేవుడ్ ఆఫీసు అదిరిపోయేలా అరిచాడు. ఎనిడ్ ఇంటికెళ్ళి ఆలోచించింది. పాత తంతులన్నీ తీసి, ఓడ తిరిగొచ్చిన రోజులతో సరిచూసింది. వారంలో కిటుకు దొరికింది. స్టాథర్స్ తూర్పు అంటే పడమర. పడమర అంటే తూర్పు. ఎప్పుడూ అంతే, తప్పడు.

అప్పట్నుంచి అతను తూర్పు అంటే ఆమె సూదిని పడమర గుచ్చింది. ఎవరికీ చెప్పలేదు. స్టాథర్స్‌కీ చెప్పలేదు. ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ అతను ఆఫీసులోకి తొంగిచూసి, "ఎలా ఉన్నావు ఎనిడ్?" అనేవాడు. పటం వైపు ఓ చూపు పడేసి, మీసంలో నవ్వుకుని పోయేవాడు. తనకి తెలుసని అతనికి తెలుసనే ఆమె అనుకునేది. "ఎనిడ్ సూది తప్పదు," అని కేవుడ్ పదిమందిలో అన్నప్పుడల్లా లోపల్లోపల పొంగిపోయేది. పద్నాలుగేళ్ళు. ఆమెకున్న గొప్ప అదొక్కటే.

మెట్ల మీద గొంతులు లేచాయి. కేవుడ్ తలుపు తీశాడు.

"ఆమెని పైకి రానివ్వండర్రా, దారివ్వండి."

"ఇస్తాంలే. మహారాణి గారు ఇప్పుడు నిద్ర లేచారు కాబోలు," అంది డోరీన్ పాస్క్. ఆమె మొగుడు రోవెనాలో ఇంజను దగ్గర పనిచేస్తాడు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"రైలు గేటు వేశారు," అంది వచ్చినావిడ, ఆయాసపడుతూ. "ఇరవై నిముషాలు. సైకిళ్ళన్నీ ఆగిపోయాయి."

ఆమె థెల్మా స్టాథర్స్, కెప్టెన్ భార్య.

"గేటు వెయ్యని రోజుందా ఈ ఊళ్ళో? మేమందరం దాటి రాలేదూ?" అంది డోరీన్. "ఏమే థెల్మా, ఓడ కదిలిన రోజు నువ్వు దుప్పట్లు ఉతికి ఆరేశావంట. మీ పక్కింటామె చూసిందంట."

మెట్ల మీద తలలన్నీ థెల్మా వైపు తిరిగాయి. మొగుడి ఓడ కదిలిన రోజు బట్టలు తడపడమంటే మొగుణ్ణి నీళ్ళల్లోకి తోసినట్టే. హెజిల్ రోడ్‌లో చిన్నపిల్లకైనా తెలిసిన సంగతి.

"ఆరేసింది మా అత్త దుప్పట్లు. అదీ మర్నాడు," అంది థెల్మా. "నువ్వు నా తీగ మీద లెక్కపెట్టేదేదో నీ కిటికీ తెరలు ఉతుక్కుంటే బావుణ్ణు డోరీన్. మసి పట్టి నల్లగా ఉన్నాయి."

ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

థెల్మా లోపలికొచ్చింది. తలుపు సగం తెరిచే ఉండిపోయింది. ఆమె కుర్చీ అంచున కూర్చుని పటం వైపు చూసింది. ఎర్ర సూది ఏదో ఆమెకి ఎవరూ చూపించనక్కర్లేదు.

"ఏమన్నారు?" అంది.

"ఇవాళ ఒక్కరోజే వెతుకుతారట," అన్నాడు కేవుడ్. "థెల్మా, నిన్నొకటి అడగాలి. కోపం తెచ్చుకోకు. పడమరంతా రెండు రోజులు జల్లెడ పట్టాం. మన ఓడలు, ఐస్‌లాండ్ వాళ్ళ పడవలు, విమానం. చెక్కముక్క దొరకలేదు. నీ మొగుడి సంగతి మనందరికీ తెలుసు. వాడు చెప్పే చోటొకటి, ఉండే చోటొకటి. ఇంట్లో నీకేమైనా చెప్పాడా, ఈసారి ఎటు పోతున్నదీ?"

"మా ఆయన అబద్ధం చెప్పాడంటున్నావా హెర్బర్ట్?"

"వాల్టర్ అబద్ధం చెప్పడం కొత్తా ఏంటమ్మా?"

"కొత్త కాదు. పాతే," అంది థెల్మా. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఈసారి మాత్రం చెప్పలేదు."

"నీకెలా తెలుసు?"

"పోయిన చలికాలం కెప్టెన్ గోర్డన్ ఓడతో సహా పోయాడు కదా. ఆ ఓడని నాలుగు రోజులు నార్వే తీరమంతా వెతికారు. అది ఉన్నది అక్కడ కాదు. గోర్డన్ చెప్పింది ఒకచోటు, ఉన్నది ఇంకోచోట. మా ఆయనా వాడూ ఒకే వీధిలో పెరిగారు. కొత్త సంవత్సరం రోజున అన్నం దగ్గర కూర్చుని, తినకుండా నాతో అన్నాడు. 'థెల్మా, ఈసారి నుంచి ఆఫీసుకి ఉన్నది ఉన్నట్టే చెప్పేస్తా. చేప పోతే పోయింది. మా కుర్రాళ్ళని వెతికేవాళ్ళకైనా దొరకాలి కదా' అని." ఆమె ఎనిడ్ వైపు తిరిగింది. "'ఎనిడ్‌కి తెలిస్తే చాలు, ఆమె నోరు విప్పదు' అన్నాడు. నువ్వంటే అంత గురి ఆయనకి."

"అన్నాడు సరే, చేశాడో లేదో..." అన్నాడు కేవుడ్.

"చేశాడు," అంది థెల్మా. "నాతో ఆయన చేప గురించి తప్ప ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు."

మెట్ల మీంచి డోరీన్ గొంతు వినిపించింది. "ఆయన మాట నిజమైతే మరి మావాళ్ళు ఎక్కడున్నారే?"

ఎనిడ్‌కి ఆ మాట ఎక్కడో దూరంగా వినిపించింది. సొరుగు తాళంచెవి మెడలోనే ఉంది. తీసి, సొరుగు లాగి, ఇంకేదో కాగితం కోసం వెతుకుతున్నట్టు కింద ఉన్న తంతి కాగితం పైకి తీసింది. సోమవారం సాయంత్రం ఆరుగంటలకి వచ్చింది. అక్షరాల కింద తన పెన్సిలు రాత.

*లాంగనెస్‌కి ఈశాన్యంగా నలభై మైళ్ళు. ఉత్తర గాలి, హిమపాతం. ఓడ మీద మంచు పేరుకుంటోంది. గొడ్డళ్ళతో కొట్టిస్తున్నాను.*

లాంగనెస్ ఐస్‌లాండ్‌కి తూర్పు కొన.

శనివారం గ్రిమ్స్‌బీ వాడు దీపాలు చూసింది తూర్పున. సోమవారం వర్షం పడింది పడమర. ఉత్తర గాలి, హిమపాతం ఎక్కడ? పక్కనున్న వాతావరణం పుస్తకం తెరిచింది. అది ఆమె చేతుల్తో రాసిందే. సోమవారం, తూర్పు తీరం. ఉత్తర గాలి, తీవ్రంగా. హిమపాతం. మూడు రోజులుగా ఈ పుస్తకం ఆమె మోచేతి కిందే ఉంది.

స్టాథర్స్ చెప్పినదంతా నిజమే. గాలి నిజం, మంచు నిజం, చోటు నిజం. జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. ఆ నిజాన్ని తీసుకొచ్చి ఆమె, ఆలోచించకుండా, పద్నాలుగేళ్ళ అలవాటు కొద్దీ, పడమర గుచ్చింది.

అతను ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. ఎలా చెప్తాడు? అబద్ధం చెప్తున్నానని ఎన్నడూ ఒప్పుకోని మనిషి, మానేశానని ఎవరితో చెప్తాడు?

పదకొండూ నలభై.

కేవుడ్ థెల్మాకి టీ పోస్తున్నాడు. ఎనిడ్ పటం దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎర్ర సూది తల మీద వేలు పెట్టింది. మెల్లగా పీకి, తూర్పున గుచ్చేస్తే చాలు. ఎవరు అడుగుతారు?

"హెర్బర్ట్," అంది. "తూర్పున వెతికిస్తే?"

"ఎందుకు?"

"ఆ గ్రిమ్స్‌బీ అతను చెప్పాడుగా. గాలి కూడా సరిపోతోంది."

"గ్రిమ్స్‌బీ వాడి మాట మీద విమానం తిప్పమంటే ఆ ఆఫీసరు నా మొహం మీద ఫోను పెట్టేస్తాడు. పొద్దున్నే చెప్పాడు, ఊహలొద్దు, ఆధారం కావాలని. ఉన్న ఒక్క ఆధారం వాల్టర్ తంతి. ఆ తంతిలో పడమర అనుంది."

"ఒకవేళ..."

"ఒకవేళ అంటే ఏంటి ఎనిడ్? నువ్వు విడదీసిందే కదా. నీ సూది ఎప్పుడు తప్పింది?"

ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి దాన్ని మూసింది. మెట్ల మీది ముఖాలు ఒక్కసారిగా పైకి లేవడం కనిపించింది. తలుపు మూశారంటే చెడ్డ కబురని అక్కడున్న అందరికీ తెలుసు. పదిహేనేళ్ళ కిందట ఆమె కూడా ఇవే మెట్ల మీద కూర్చుంది. ఆర్థర్ ఎక్కిన ఓడ కోసం. అప్పుడు మూసిన తలుపు తెరుచుకునేసరికి ఆమె విధవ. ఆ మరుసటి వారం కంపెనీ ఈ ఉద్యోగమిచ్చింది. అందుకే వాళ్ళకి ఆమె 'ఆఫీసామె' కాదు. 'మన ఎనిడ్.'

తంతి కాగితం కేవుడ్ చేతిలో పెట్టింది. థెల్మా వినేలాగే చెప్పింది. దాచడానికి ఓపిక లేదు.

"చదువు."

కేవుడ్ కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. "లాంగనెస్... ఇది తూర్పు కదా?"

"అవును."

"మరి నువ్వు..."

"అతను తూర్పు అంటే పడమరే. పద్నాలుగేళ్ళుగా ఎప్పుడూ అంతే. నేను తిప్పి గుచ్చేదాన్ని. నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. సోమవారమూ తిప్పాను."

కేవుడ్ కుర్చీలో కూలబడ్డాడు. థెల్మా టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. అర్థమవడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. అర్థమైనాక కప్పుని నేల మీద పెట్టింది, చాలా జాగ్రత్తగా, పగిలిపోతుందేమో అన్నట్టు.

"మూడు రోజులు," అంది.

"మూడు రోజులు," అంది ఎనిడ్.

"ఆయన నీకు నిజం చెప్పాడు."

"చెప్పాడు."

థెల్మా తిడితే బావుండునని ఎనిడ్‌కి అనిపించింది.

పదకొండూ యాభై అయిదు. కేవుడ్ లేచాడు. మనిషి ఒక్కసారిగా పాత కెప్టెన్ అయ్యాడు. గొంతు తగ్గించి, గబగబా మాట్లాడాడు. "విను. విమానాన్ని తిప్పిద్దాం. రేడియో స్టేషన్ వాళ్ళు అక్షరాలు తప్పుగా అందుకున్నారని చెప్దాం. గాలిలో అక్షరం మారడం మామూలే. స్కాట్లాండ్‌లో ఎవడో ముక్కూమొహం తెలియని వాడు. వాడికేం పోదు. నీకు మాత్రం..." తలుపు వైపు చూశాడు. "వాళ్ళ మధ్యే బతకాలి నువ్వు. ఆ వీధిలో రొట్టె కొనుక్కోగలవా రేపట్నుంచి?"

"కొనుక్కోలేను."

"మరి?"

"తప్పుగా అందుకున్నారంటే ఆ ఆఫీసరు ఏం చేస్తాడు హెర్బర్ట్?"

కేవుడ్ గడియారం వైపు చూశాడు.

"స్టేషన్‌కి ఫోను చేస్తాడు. వాళ్ళు పుస్తకం తీసి అక్షరాలు చదువుతారు. అవి మన కాగితం మీద ఉన్న అక్షరాలే. తేడా ఏదని అడుగుతాడు. దానికో గంట పడుతుంది. ఒంటి గంటకి విమానం ఎక్కడుంటుంది?"

"పడమర," అన్నాడు కేవుడ్.

"బరువుకి ఓడ బోల్తా పడకుండా మంచు ఇంకా కొడుతూ ఉన్నారో లేదో నాకు తెలియదు. రేడియో తీగ మంచుకి తెగి ఉండొచ్చు, ఏదో కొండచాటున ఆగి ఉండొచ్చు. అసలు లేకపోవచ్చు. ఉంటే మాత్రం వాళ్ళకి మూడు గంటల వెలుతురే ఉంది."

కేవుడ్ చేత్తో మొహం రుద్దుకున్నాడు. మూడు రోజుల గడ్డం గరగరమంది. "వాడు నమ్మాలి కదా. ఇన్నాళ్ళూ పడమర అని, ఇప్పుడు తూర్పంటే."

"అందుకే నేనే చెప్పాలి."

ఫోను తీసింది. నంబరు చెప్పింది. లైను కలవడానికి నాలుగు నిముషాలు పట్టింది. ఆ నాలుగు నిముషాలూ ముగ్గురూ నిలబడే ఉన్నారు. చిత్రంగా ఆమెకి యుద్ధం గుర్తొచ్చింది. ఆ మే నెలలో బాంబులకి వాళ్ళ వీధిలో పదకొండు ఇళ్ళు పోయాయి, ఊరు సగం కాలిపోయింది. మర్నాడు రేడియోలో చెప్పారు, ఈశాన్య తీరంలో ఒక పట్టణం మీద దాడి జరిగిందని. లండన్ పేరు చెప్పారు, ఇంకా కొన్ని ఊళ్ళ పేర్లు చెప్పారు. తమ ఊరి పేరు మాత్రం యుద్ధం అయిపోయేదాకా ఎవరూ చెప్పలేదు. శత్రువుకి తెలియకూడదట. అమ్మ రేడియో కట్టేసి, "అదేంటో, మనం చచ్చిపోయినా రహస్యమే," అంది. అందరూ నవ్వారు. దాచుకోవడం ఊరికి అప్పుడు అలవాటైందా, అంతకుముందు నుంచే ఉందా?

"హలో," అంది అవతలి గొంతు. కుర్రగొంతు, లండన్ వైపు దక్షిణాది మర్యాద. "మిస్టర్ కేవుడ్?"

"కాదు. ఆయన పక్కనే ఉన్నారు. లేడీ రోవెనా తంతి విడదీసింది నేను." ఆమె ఫోనుని చేత్తో పక్కకి పట్టుకుని కేవుడ్ వైపు చూసింది. "తలుపు తియ్యి హెర్బర్ట్."

"ఎనిడ్, అక్కర్లేదు..."

"తియ్యి. ఎలాగూ వాళ్ళకి చెప్పాలి. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు."

కేవుడ్ కదల్లేదు. థెల్మా వెళ్ళి తలుపు తీసింది. మెట్ల మీద అందరూ నిలబడి ఉన్నారు. ముందు డోరీన్, చేతిసంచి గుండెకి హత్తుకుని. చెడ్డ కబురు కోసం సిద్ధపడిన ముఖాలు. తలుపు తీసింది థెల్మా అని చూసి వాళ్ళకి ఏమనుకోవాలో తెలియలేదు.

"చెప్పండి మేడమ్," అన్నాడు ఆఫీసరు. "మాకు ఇరవై నిముషాలే ఉన్నాయి."

"ఓడ పడమర లేదు. తూర్పున ఉంది. లాంగనెస్‌కి ఈశాన్యంగా నలభై మైళ్ళు. సోమవారం సాయంత్రం ఆరింటి మాట అది. ఉత్తర గాలి కాబట్టి దక్షిణానికి కొట్టుకొచ్చి ఉండొచ్చు. విమానాన్ని అటు తిప్పండి."

"ఇది కొత్త సమాచారమా?"

"పాతదే. మొదట్నుంచీ కెప్టెన్ చెప్పింది ఇదే."

"మరి పడమర అని మాకు ఎవరు చెప్పారు?"

"ఇక్కణ్ణుంచే చెప్పారు. ఇక్కడ మార్చారు."

డోరీన్ ఒక మెట్టు పైకెక్కింది. "ఎవడు మార్చాడు?" అంది. అరవలేదు. ఎనిడ్ ఆమె గొంతు అంత నెమ్మదిగా ఎప్పుడూ వినలేదు. "ఎవడే వాడు? పేరు చెప్పు ఎనిడ్, వాడి సంగతి మేం చూసుకుంటాం."

"మేడమ్," అన్నాడు ఆఫీసరు ఫోనులో, "నన్ను అర్థం చేసుకోండి. ఇది మా దగ్గరున్న ఆఖరి విమానం. తూర్పుకి తిప్పితే పడమర ఇంక చూడలేం. కెప్టెన్ మాటే సరైనదని మీకు ఖాయంగా తెలుసా?"

"తెలుసు."

"మార్చినవాళ్ళు ఎవరో తెలుసా?"

"తెలుసు."

"అయితే పేరు చెప్పండి. ఎవరి మాట మీద తిప్పుతున్నామో రాసుకోవాలి."

గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. ఎనిడ్ పటం వైపు చూడలేదు. మెట్ల మీది రుమాళ్ళ వైపు చూసింది. ఒక్కొక్క ముఖం ఎవరిదో, ఎవరి మొగుడు ఓడలో ఏ పని చేస్తాడో ఆమెకి తెలుసు. డోరీన్ ఇంకా ఆమెనే చూస్తోంది, తమ మనిషిని చూసినట్టు, నమ్మకంగా. ఆ చూపుని ఎనిడ్ కావలసినంతసేపు చూసుకుంది. మళ్ళీ దొరకదు కాబట్టి.

తర్వాత ఫోనులోకీ, మెట్ల మీదికీ ఒకేసారి వినిపించేలా, గొంతు పెంచకుండా, స్పష్టంగా చెప్పింది.

"ఎనిడ్ బ్లెన్‌కిన్. హెజిల్ రోడ్, హల్. మార్చింది నేను."